ఆ ఐసు మెత్తబడింది మా మరిది వల్ల కాదు

మా మరిది పోయాడు. రెండు వారాల కింద, మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదు. పెరటివైపు అద్దం తలుపు ముందు కుర్చీలో, బయటికి చూస్తూ, బూట్లు కూడా తొడుక్కుని ఉన్నాడు. ఎక్కడికి బయల్దేరాడో అప్పుడు నాకు తట్టలేదు. డెబ్బై ఆరేళ్ళు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. నేను కాదనను. కాకపోతే ఆ గుండెను రెండేళ్ళుగా ఎవరు కొరుక్కు తిన్నారో రాయడానికి డాక్టర్ల కాగితంలో చోటుండదు. అందుకని నేను చెప్పాల్సి వస్తోంది.

నాకు చదువు లేదు. పాస్‌పోర్టు కాగితాల మీద కూడా వేలిముద్రే. నేను చెబుతుంటే ఇక్కడికి దగ్గర్లో, ట్రాయ్‌లో ఉండే మా అమ్మాయి వచ్చి రాస్తోంది. మధ్యమధ్య పెన్ను ఆపి, ఇలా రాస్తే బాగోదమ్మా అంటోంది. బాగుండాలని రాయించడం లేదు. అమెరికాలో మన తెలుగువాళ్ళ సంఘం పత్రికలో ఎవరైనా పోతే అర పేజీ ఇస్తారు. ఫొటో, పక్కన దీపం బొమ్మ, ఆత్మశాంతి. అర పేజీ నాకు చాలదని ముందే చెప్పాను. పాతికేళ్ళు ఒక మనిషి చేసిన పని మీద మచ్చ వేసి ఇంటికి పంపించారు. ఆ మచ్చ ఎలా పడిందో మీరు వినాలి. విన్నాక శాంతి సంగతి చూద్దాం.

మా మరిది ఐస్ హాకీ ఆడే హాల్లో ఐసు తయారుచేసేవాడు. ఆ ఆట చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పెద్ద హాల్లో నేలంతా ఐసు పరుస్తారు. కుర్రాళ్ళు కాళ్ళకు కత్తుల్లాంటి బూట్లు కట్టుకుని, దాని మీద జారుతూ, ఒక నల్ల రబ్బరు బిళ్ళను కర్రలతో కొట్టుకుంటారు. టీము పేరు చెప్పను. టీవీలో రోజూ వచ్చే పెద్ద లీగు కాదు, దానికి కింది మెట్టు. అయినా జీతాలిచ్చి ఆడించే టీమే. ఓనర్లు, మేనేజర్లు, కోచ్‌లు, అందరూ ఉన్నదే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నుంచి హైవే ఎక్కితే గంటకు పైగా దూరం. మంచు పడినా, తుపాను అన్నా, తెల్లారేసరికి మా మరిది అక్కడ ఉండేవాడు.

నేను కాపురానికి వచ్చేసరికి మా మరిదికి ఏడేళ్ళు, నాకు పదిహేను. మా అత్తగారు అప్పటికే లేరు. మా ఆయన కాకినాడ రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. చేపల పడవలకు ఐసు అక్కడి నుంచే వెళ్ళేది. నేనూ అక్కడే కూలికి పోయేదాన్ని. దిమ్మలకు ఊక పొయ్యడం, గోనెపట్టా చుట్టడం నా పని. మరిది బడి నుంచి తిన్నగా అక్కడికే వచ్చి, ఉప్పునీళ్ళ తొట్టి పక్కన చల్లగా ఉంటుందని కూర్చుని ఎక్కాలు చదువుకునేవాడు. వాడికి అన్నం పెట్టింది నేను, తల దువ్వింది నేను, కాలేజీలో చేర్చమని మా ఆయనతో పోట్లాడింది నేను. అందుకే డెబ్బై ఏళ్ళు దాటినా అతన్ని అబ్బాయ్ అనే పిలిచాను. ఎవరేమనుకున్నా అతనూ పలికాడు.

ఐసు గురించి మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డబ్బాలో నీళ్ళు పోసి ఉప్పునీళ్ళ తొట్టిలో దింపితే గడ్డకడుతుంది, నిజమే. కానీ తొందరపెట్టి గడ్డకట్టిస్తే నీళ్ళలో ఉన్న గాలికి బయటపడే వ్యవధి ఉండదు. దిమ్మ నడుమ తెల్లగా, విరిగిన పాలలాగా ఉండిపోతుంది. పైకి రాయే. కొక్కెం తగిలితే అక్కడే పగులుతుంది. నిదానంగా కట్టిన దిమ్మ అద్దంలా ఉంటుంది, అవతలి మనిషి మొహం కనిపిస్తుంది. సముద్రం మీద నాలుగు రోజులైనా నిలబడుతుంది. తెల్ల దిమ్మ రెండో రోజుకే నీళ్ళు. పడవలు ఎక్కువొచ్చిన రోజు షావుకారు తొందరపెట్టేవాడు, తెల్ల దిమ్మలు వెళ్ళేవి. తిరిగొచ్చిన పడవవాళ్ళు కుళ్ళిన చేపలు మా ఆయన కాళ్ళ దగ్గర పోసి తిట్టేవాళ్ళు. షావుకారుని ఎవరూ తిట్టలేదు. తొందర షావుకారుది, తిట్లు ఆపరేటరువి. మా మరిది ఎక్కాలతో పాటు అదీ చూస్తూ పెరిగాడు. చూసి కూడా ఏం నేర్చుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇంజనీరింగ్ చదివి అమెరికా వచ్చాడు. కార్లకు ఏసీలు చేసే కంపెనీలో చాలాకాలం పనిచేశాడు. యాభై దగ్గరపడుతుండగా అక్కడ లే-ఆఫ్ చేశారు. అప్పుడు ఈ హాకీ హాల్లో చల్లదనం మిషన్లు చూసే ఉద్యోగం దొరికింది. కొన్నాళ్ళకు ఐసు మొత్తం అతని చేతికే వచ్చింది. నేనప్పటికి ఇక్కడ లేను. మా ఆయన పోయి, ఇక్కడ మా తోడికోడలూ పోయాక, పిల్లల్లేని ఇంట్లో ఒక్కడూ ఉండలేక నన్ను తీసుకొచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలోనే తెలిసింది, మనవాళ్ళ పార్టీల్లో అతనికి పుల్లైసు గారని పేరు పెట్టారని. డాక్టర్లు, డైరెక్టర్లు, మీరంతా పెద్ద ఉద్యోగాల వాళ్ళు. ఐసు మీద బండి నడిపే ఇంజనీరు మీకు నవ్వులాట. ఒకసారి ఒక డాక్టరుగారు అందరి ముందూ అడిగారు, ఏమండీ, పుల్లైసులో ఈ ఏడు కొత్త ఫ్లేవరేమిటని.

"మీ పేషెంట్లు మీ దగ్గరికి నడిచి వస్తారు డాక్టరుగారూ. మావాళ్ళు కత్తుల మీద పరిగెడతారు. నా పనిలో తేడా వస్తే మీ దగ్గరికే పంపిస్తా, ఖాళీ ఉంచుకోండి," అన్నాడు మా మరిది. నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం తినలేదు.

అతని పని ఎలా ఉండేదో చెబుతాను. సీజను మొదట్లో ఖాళీ నేల మీద నీళ్ళు సన్నగా, పొగమంచులాగా చల్లేవాడు. అది కట్టాక ఇంకో పూత. అది కట్టాక ఇంకోటి. వారం పట్టేది. మన ఊళ్ళలో నేల అలికినట్టే. ఒక పూత ఆరకుండా రెండోది వేస్తే పెచ్చులు లేస్తుంది కదా, ఇదీ అంతే. ప్రతి ఆదివారం అక్కడి నీళ్ళు సీసాలో తెచ్చి, స్టీలు గ్లాసులో పోసి మా ఫ్రీజర్‌లో పెట్టేవాడు. మర్నాడు ఆ గడ్డను కిటికీకి ఎదురుగా పట్టుకుని నన్ను పిలిచేవాడు. "చూడు వదినా, నీ మొహం కనబడుతోందా?" అనేవాడు. కనబడుతోంది గానీ అందంగా లేదయ్యా అనేదాన్ని. అయితే నీళ్ళ తప్పు కాదు అని ఆ గ్లాసు కడిగి బోర్లించేవాడు.

ఇంకో అలవాటుండేది. ఆట రోజు చేతికి గ్లవ్ తీసేసి, ఐసు మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టేవాడు. హాలు ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి. చెయ్యి కింద చెమట పట్టినట్టుంటే మెత్తన. చెయ్యి అతుక్కుని, తీయబోతే కాస్త పట్టి లాగినట్టుంటే సరైన ఐసు. "మంచి ఐసు చెయ్యి వదలదు వదినా," అనేవాడు. చలికాలంలో అతని అరచేతులు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. నేను కొబ్బరినూనె రాసుకోమంటే, నూనె చేత్తో ముట్టుకుంటే అది నిజం చెప్పదని రాసుకునేవాడు కాదు.

ఒక్కసారి నన్నూ ఆటకు తీసుకెళ్ళాడు. చీర మీద కోటు, కోటు మీద దుప్పటి, అయినా పళ్ళు కటకటలాడాయి. కన్నతల్లులు పెంచిన పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గోడకేసి కొట్టుకుంటుంటే జనం లేచి చప్పట్లు కొట్టడం నాకు నచ్చలేదు. మధ్యలో ఆట ఆపినప్పుడు మా మరిది ఐసు చదునుచేసే బండి మీద వచ్చాడు. వెనక నుంచి పొగలు. ఏమిటది అంటే వేణ్ణీళ్ళట. ఐసు మీద వేణ్ణీళ్ళా అని నోరు తెరిచాను. చన్నీళ్ళయితే పైన పెచ్చులా నిలుస్తాయి, వేణ్ణీళ్ళు గీతల్ని కరిగించి ఉన్నదాంతో కలిసిపోతాయి అని ఇంటికి వచ్చేదారిలో చెప్పాడు. ఆ పూట అతను ఒక్కొక్క వరసా తోముకుంటూ పోతుంటే, గీతలు పడ్డ ఐసు వెనక అద్దమైపోతుంటే, గుండె నిండింది. ముందు వరసలో ఎవరో పిల్ల చెయ్యి ఊపితే అతనూ ఊపాడు. పెళ్ళిలో కూడా అతని మొహం అంత వెలగలేదు.

ఇక మేనేజర్ల సంగతి. మూడేళ్ళ కింద టీము చేతులు మారింది. కొత్త ఓనర్లు ఒక జనరల్ మేనేజర్‌ని తెచ్చారు. ఆయన అంతకుముందు హోటళ్ళు నడిపాడట. వస్తూనే, జనం ఎవరి కోసం టికెట్లు కొంటారో ఆ గోల్‌కీపర్‌ని ఇంకో టీముకు ఇచ్చేసి, మోకాళ్ళు అరిగిన ఇద్దరిని ఏళ్ళ తరబడి కాంట్రాక్టు రాసి తెచ్చాడు. మా మరిది వచ్చి చెబితే, పాలిచ్చే గేదెను అమ్మి దున్నపోతును కొన్నారన్న మాట అన్నాను. సీజను సగంలో కోచ్‌ని మార్చాడు, మార్చినవాణ్ణి మళ్ళీ మార్చాడు. ఆటలేని రోజుల్లో హాలు ఖాళీగా ఎందుకని పాటల కచేరీలకు ఇచ్చాడు. ఐసు మీద చెక్కలు పరిచి, వాటి మీద వేలమందిని ఎగరనిచ్చి, మర్నాడు ఆ చెక్కలు తీసి ఆడమనేవాడు. ఐసు పనికి ముగ్గురుండేవాళ్ళు. ఇద్దర్ని తీసేశాడు. వాళ్ళ బదులు ఒక యంత్రం పెడతానన్నాడు. నేల కింద గొట్టాల పక్కన చల్లదనం కొలిచే సెన్సర్లు పెట్టి, ఆ లెక్క టెక్సస్‌లో ఇర్వింగ్ నుంచి ఒక కంపెనీ స్క్రీన్ మీద చూస్తుందట. ఇక్కడి ఐసుకు అక్కడి నుంచి కాపలా.

ఆ సెన్సర్లు బిగించడానికి ఇర్వింగ్ నుంచి వచ్చిన ఇంజనీరు మన పిల్లే. ఆడపిల్ల అంటున్నాను, అవునో కాదో మీకెందుకు. ఇర్వింగ్ అంటున్నాను, అక్కడ మనవాళ్ళు వీధికి వందమంది. వెతకాలనుకునేవాళ్ళు వెతుక్కోండి. వెజిటేరియన్ కాబట్టి హోటల్లో ఏం తింటుందని మా మరిది ఇంటికి తీసుకొచ్చాడు. రెండు వారాలు మా ఇంట్లోనే ఉంది. టిన్నులో పనసకాయ తెచ్చి ఆవ పెట్టి కూర చేస్తే కంచం దగ్గర నుంచి లేవలేదు. ఆ రెండు వారాలూ డైనింగ్ టేబుల్ దగ్గర ఒకటే గొడవ వాళ్ళిద్దరికీ. అంకుల్, మీరు చేత్తో చెప్పేది నేను గ్రాఫ్‌లో చూపిస్తా అని ఆ పిల్ల. గ్రాఫ్‌కి చెమట పడుతుందా అని ఇతను.

చివరి రోజున మా మరిది ఉప్మా గిన్నె ముందు పెట్టుకుని ఆ పిల్లకు ఒక్కటే మాట చెప్పాడు. "సెన్సరు అడుగున పెట్టావమ్మా. అడుగున గొట్టాలున్నాయి, ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఈ ఉప్మా చూడు, పైన చల్లారింది, లోపల పొగ. ఐసు దీనికి తలకిందులు, అడుగున చల్లన, పైన మెత్తన. కాళ్ళు నడిచేది పైన కదా." ఆ పిల్ల గిన్నెలో వేలు పెట్టి చూసి, చుర్రుమంటే నోట్లో పెట్టుకుని, ఆలోచనలో పడింది. వెళ్ళి తన పైవాళ్ళకు రాసింది, పైన కూడా సెన్సర్లు కావాలని. పైవాళ్ళు మేనేజర్‌ని అడిగారు. మళ్ళీ ఖర్చా, ఉన్నవి చాలు అన్నాడట. ఇది ఆ పిల్ల ఫోన్ చేసి చెప్పిన మాట, నా చెవులతో విన్నాను.

ఆ రోజు శనివారం. మధ్యాహ్నం ఆట. ముందు రోజు కచేరీ. పొద్దున చెక్కలు తీస్తే ఆ చివర గోల్ దగ్గర గుంటలు పడి, నీళ్ళు నిలిచి ఉంది. మా మరిది సన్నపూతలు వేస్తానన్నాడు. సాయంత్రం దాకా పడుతుంది, ఆట రాత్రికో మర్నాటికో జరపండి అన్నాడు. మేనేజర్ వినలేదు. పైపు పెట్టి ఒకేసారి నింపమన్నాడు. మా మరిది పైపు పట్టనన్నాడు. ఇంకెవరితోనో పట్టించి నింపించారు. తెల్ల ఐసు. మా ఆయన కాళ్ళ దగ్గర చేపలు పోయించిన ఐసు. మా మరిది అరచెయ్యి ఆనించి చూసి, మేనేజర్‌కూ ఆ పిల్లకూ ఫోన్‌లో రాశాడు. పైన మెత్తగా ఉంది, స్క్రీన్ మీద కనబడేది అడుగు సంగతి, ఆడించొద్దు అని. మేనేజర్ జవాబు రాశాడు, స్క్రీన్ మీద చల్లగానే ఉంది, ఆడండి అని. అప్పుడు మా మరిది చేయగలిగింది ఒక్కటే చేశాడు. ఆటగాళ్ళు బయటికి వచ్చే తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కణ్ణీ ఆపి, ఆ చివర జాగ్రత్త బాబూ అన్నాడు.

రెండో భాగంలో ఒక కుర్రాడు ఆ చివరకు వేగంగా వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళవాడు. బూటు కింది కత్తి ఐసులో దిగి ఇరుక్కుంది. మనిషి తిరిగాడు, కాలు తిరగలేదు. మా మరిది ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి ఇదంతా చెప్పాడు. ఆ కుర్రాడు అరిచిన అరుపు జనం గోలలో కూడా వినబడిందట. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాను. చదువు రానిదాన్ని, కాగితం మీద దాచుకోలేను. చెవిలోనే దాచుకోవాలి. రెండుసార్లు చెప్పించుకుని దాచుకున్నాను.

తర్వాత ఎంక్వయిరీ అన్నారు. మేనేజర్ లెక్క చూపించాడు. స్క్రీన్ మీద చల్లగా ఉంది, యంత్రం తప్పు లేదు, కాబట్టి మనిషి తప్పు, పైపు పెట్టి నింపింది ఐసు మనిషే అన్నాడు. మా మరిది రాసిన మెసేజ్‌లు కంపెనీ ఫోన్‌లో ఉన్నాయి. ఆ ఫోన్ అప్పటికే తీసేసుకున్నారు. ఇంక ఉన్నది ఆ పిల్ల దగ్గరే.

ఆ పిల్ల తనే ఫోన్ చేసింది. మా మరిది స్పీకర్‌లో పెట్టాడు. "అంకుల్, నన్ను అడిగితే నేను ట్రూత్ చెప్పేస్తాను," అంది. వెంటనే ఏడుపు. మేనేజర్ వాళ్ళ కంపెనీకి పెద్ద క్లయింట్. తను నోరు విప్పితే జాబ్ తీసేస్తారు. తీసేస్తే వీసాకి సిక్స్టీ డేస్, ఆలోపు ఇంకో జాబ్ దొరక్కపోతే దేశం వదలాలి. ఐదో నెల కడుపు. భర్తది డిపెండెంట్ వీసా, తన వీసా మీదే ఉన్నాడు. ఆ మాటలన్నీ ఇంగ్లీషులోనే, అయినా ఇన్నేళ్ళలో ఆ మాటలు నాకూ వచ్చాయి. ఈ దేశంలో మనవాళ్ళ ఇళ్ళల్లో చంటిపిల్లలకు కూడా ముందు వచ్చే మాటలు అవే.

ఇప్పుడు నేను చెప్పబోయేది మా అమ్మాయి రాయనంటోంది. రాయవే అన్నాను. మా మరిది ఫోన్ మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. ఏం చెప్పమంటావు వదినా అని ఆ చూపు. నేనే అన్నాను, "నీకేముందిరా అబ్బాయ్, అయిపోయిన ఉద్యోగం. అది కడుపుతో ఉంది. దాని కంచం లాక్కోకు." మనపిల్ల అనుకున్నాను. మన ఇంట్లో అన్నం తిన్నది అనుకున్నాను. ఐసు నాకు తెలుసు, ఊక తెలుసు, షావుకార్లు తెలుసు. మనిషికి తన పేరు పోతే ఏమవుతుందో మాత్రం తెలియలేదు. మన ఆడవాళ్ళం ఇంటి పరువు కోసం నోరు మూసుకోవడం, ఎవరి కాపురం కోసమో నింద నెత్తిన వేసుకోవడం గొప్పనుకుంటాం. ఆ గొప్ప నేను అతని నెత్తిన పెట్టాను.

సరే వదినా అన్నాడు. నింపింది తనేనని ఒప్పుకుంటూ వాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం చేశాడు. చేతిలో ఉన్న తాళంకార్డు లాక్కున్నారు. ఐసు పనిలో లోపం అని టీము వాళ్ళ వెబ్‌సైట్‌లో వేశారు, పేరుతో సహా. ఆ నెల్లోనే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళితే, ఏమండీ, మీ మరిది ఐసు కరిగిపోయిందటగా అని నవ్వారు. కాలు విరిగిన కుర్రాడి సంగతి మీరెవరూ అడగరేమని అన్నాను. ప్రసాదం తీసుకోకుండా వచ్చేశాను.

ఆ పిల్లకు మగపిల్లాడు పుట్టాడు. ఆ కాలు విరిగిన కుర్రాడిని మరుసటి సీజనుకు ఎవరికో ఇచ్చేశారు. మేనేజర్‌ని ప్రెసిడెంట్ చేశారు. మా మరిది ఏటా చలికాలం మా పెరట్లో చిన్న ఐసు నేల వేసేవాడు, మొక్కలకు మందు కొట్టే పంపుతో పూత మీద పూత. వీధిలో పిల్లలంతా వచ్చి జారేవాళ్ళు. ఆ సంతకం తర్వాత వచ్చిన రెండు చలికాలాలూ వెయ్యలేదు. పిల్లలు తలుపు కొట్టి అడిగితే, ఇప్పుడు నేను మంచి ఐసు వెయ్యలేనమ్మా అన్నాడు. నా కొడుకులాంటి వాడి నోటి నుంచి ఆ మాట విన్న రోజు నాకు తెలిసింది, నేనేం చేశానో. అప్పుడైనా సంతకం వెనక్కి తీసుకోమన్నాను. ఆలస్యమైంది వదినా, ఒకసారి కట్టాక ఎలా కడితే అలాగే ఉంటుంది అన్నాడు. ఇంక ఆ ఊసే ఎత్తలేదు. ఆ కుర్చీలో కూర్చునేవాడు, అరచేతులు చూసుకునేవాడు. తెల్లబడ్డాయి అవి.

అంత్యక్రియల రోజున ఆ కుర్రాడు వచ్చాడు. తలుపంత మనిషి, చేతికర్ర మీద ఆనుకుని. ఎవరు చెప్పారో తెలియదు. నా ముందు వంగి ఏదో అన్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది. ఆ చివర జాగ్రత్త అని ఆయన నాకు చెప్పారు, ముసలాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారులే అనుకున్నాను అన్నాడట. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. మీరు ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు ఆ అంత్యక్రియల హాల్లో, మా మరిది తప్పు చేయలేదని అన్నది కాలు విరిగినవాడు ఒక్కడే.

మర్నాడు టీము ఆఫీసు నుంచి ఫోన్. శనివారం ఆటకు ముందు పెద్ద స్క్రీన్ మీద మా మరిది ఫొటో వేసి, అందరూ నిలబడి ఒక నిమిషం మౌనం పాటిస్తారట. మంచి ఫొటో పంపమన్నారు. ఒక నిమిషం మౌనం నాకొద్దు, ఒక నిమిషం నోరు విప్పమను అని మా అమ్మాయితో చెప్పించాను. తిరిగి చెబుతామన్నారు. చెప్పలేదు. శనివారం వెళ్ళిపోయింది. ఫొటో వాళ్ళ దగ్గరున్నదే వేశారట. బండి మీద కూర్చుని నవ్వుతున్నది.

ఆ తర్వాత ఇర్వింగ్ నుంచి కవరు వచ్చింది. లోపల కాగితాలు. మా అమ్మాయి చదివింది. ఆ రోజు మా మరిది రాసింది, మేనేజర్ రాసింది, సెన్సర్ల గురించి ఆ పిల్ల రాసింది, అన్నీ. పైన చిన్న చీటీ. ఆంటీ, వీటిని ఏం చేసినా సరే, నాకేమైనా సరే అని. ఆ పిల్లకు గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. పిల్లాడికి ఇంకా మాటలు కూడా సరిగ్గా రాలేదు.

రెండు రోజులు ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చదవలేను, పట్టుకోగలను అంతే. పేపరువాళ్ళకు పంపమంది మా అమ్మాయి. పంపితే మా మరిది పేరు కడిగినట్టవుతుంది, ఆ పిల్ల సామాను సర్దుకున్నట్టవుతుంది. మొదటిసారి నేను తప్పు చెప్పానని రెండోసారి ఒప్పు ఏమిటో తెలిసిపోదు. చివరికి ఆ కవరు మడిచి బియ్యం డబ్బాలో, అడుగున పెట్టాను. ఆ పిల్లకు కార్డు వచ్చిన రోజున తీస్తాను. నాకు ఎనభై నాలుగు. ఏది ముందొస్తుందో చూద్దాం. నేనే ముందు పోతే డబ్బా ఎక్కడుందో మా అమ్మాయికి తెలుసు. అంతవరకూ నా మాట ఉంది. ఐసు దిమ్మలకు ఊక పోసిన ముసలిది చెబుతోంది, ఆ ఐసు మెత్తబడింది మా మరిది వల్ల కాదు. ఆ మేనేజర్ తెలుగు చదవలేడు. మీరు చదవగలరు. పుల్లైసు గారని నవ్వినవాళ్ళు మీరే కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

నిన్న పొద్దున గట్టిగా చలి. ఎండ ఇంకా పెరట్లోకి రాలేదు. ఆ కుర్చీ జరుపుతుంటే తలుపు పక్కన మొక్కల పంపు కనబడింది. నిండా నీళ్ళు పట్టి ఉంది. అప్పుడు తెలిసింది బూట్లెందుకు తొడుక్కున్నాడో.

అతని కోటు వేసుకుని బయటికి వెళ్ళాను. చేతకానిదాన్ని, చాపంత మేరే చల్లాను, సన్నగా, అతను చల్లినట్టే. కట్టేదాకా నిలబడ్డాను. మళ్ళీ చల్లాను. మళ్ళీ నిలబడ్డాను. ఎండ వచ్చేసరికి ఎన్నో పూతలయ్యాయి, లెక్క నాకు రాదు. వంగి, గ్లవ్ తీసి, అరచెయ్యి ఆనించాను. పట్టుకుంది. నేను తియ్యలేదు.